మిన్ నది వెంట పదకొండు రోజులు

మా నాన్న ముప్ఫై ఒక్క ఏళ్లు గోదావరి పశ్చిమ డెల్టా కాలవల మీద లస్కరుగా పనిచేశారు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, వరద రోజుల్లో టార్చిలైటు పట్టుకుని రాత్రంతా గట్టు మీద తిరగడం, ఎక్కడ గండి పడేలా ఉందో కనిపెట్టడం ఆయన ఉద్యోగం. చైనాలో 2,200 ఏళ్ల కిందట అడ్డంగా ఆనకట్ట కట్టకుండానే ఒక నదిని రెండుగా చీల్చి పొలాలకు మళ్లించారని, ఆ ఏర్పాటు ఇవాళ్టికీ పనిచేస్తోందని ఒకసారి మాటల్లో చెప్పాను. ఆ రోజు నుంచి "అదొక్కటీ చూడాలమ్మాయ్" అంటూనే ఉన్నారు. ఆయనకు అరవై ఏడు నిండాయి. ఇంక వాయిదా వేయడం ఇష్టం లేక అక్టోబరు మూడో వారంలో, అక్కడి జాతీయ దినోత్సవ సెలవుల రద్దీ తగ్గాక, చైనాలోని సిచువాన్ రాష్ట్రానికి బయల్దేరాం.

మొదటి రోజు: చెంగ్దూ

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా ఆ రాష్ట్ర రాజధాని చెంగ్దూ చేరేసరికి సాయంత్రమైంది. వెళ్లేవాళ్లకు పనికొచ్చే సంగతులు రెండు చెప్తాను. ఇక్కడ కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తోనే డబ్బులు ఇస్తారు, కాబట్టి అలీపే యాప్ పెట్టుకుని మన కార్డు దానికి ఇంటి దగ్గరే కలుపుకోవాలి. గూగుల్ పనిచేయదు, అందుకని నెట్ లేకపోయినా అనువాదం చేసే యాప్ ముందే దింపుకోవాలి.

రాత్రి భోజనంలో మాపో తోఫు తెప్పించాను. తోఫు అంటే సోయా పాలతో చేసే పనీరు లాంటిది. అందులో మామూలుగా మాంసం కైమా వేస్తారు, వద్దని చెప్పాలి. ఎర్రటి నూనెలో తోఫు ముక్కలు, పైన గోధుమరంగు గింజల పొడి. కారం మాకు కొత్త కాదు గానీ ఈ రుచి వేరు. మొదట నాలుక చివర జివ్వుమంది, తర్వాత పెదాలు తిమ్మిరెక్కాయి. నాన్న ఒక గింజ ఏరి వేళ్ల మధ్య నలిపి వాసన చూశారు.

"నారింజ తొక్క వాసనమ్మా ఇది."

నిజమే. హువాజియావ్ అని పిలిచే ఈ గింజ మిరియాల జాతి కాదు, నిమ్మ నారింజల కుటుంబంలోని చెట్టు కాయ. లోపలి నల్ల గింజ పారేసి పైతొక్కే వాడతారు. ఆ తొక్కతో నాలుక తిమ్మిరెక్కాక మిరపకారం వేడి అంతగా తెలీదు. మిరపకాయ మనకూ వాళ్లకూ అమెరికా ఖండం నుంచి వచ్చిందే, ఈ గింజ మాత్రం అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచి ఈ నేలది.

రెండో రోజు: పాండాలు, ఒక బాటసారి

పాండాలను చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి. ఎండెక్కితే పడుకుంటాయి. ఏడున్నరకే గేటు దగ్గర ఉన్నాం. ఈ సంరక్షణ కేంద్రం 1987లో అడవి నుంచి కాపాడి తెచ్చిన ఆరు పాండాలతో మొదలైంది.

ఒక పెద్ద పాండా మాకు పది అడుగుల దూరంలో, చెట్టుకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుంది. పక్కనున్న కుప్పలోంచి వెదురు కొమ్మ తీసుకుని, నోటి పక్కగా ఒక్కసారి లాగి ఆకులన్నీ కట్టలా చేసుకుని, బీడీ పట్టుకున్నట్టు పట్టుకుని కొరికింది. దాని మణికట్టులో ఒక ఎముక పెరిగి ఆరో వేలులా పనికొస్తుంది, ఆ పట్టు దానివల్లే. పాండా పేగులు మాంసం తినే జంతువు పేగులు. వెదురులో సారం దానికి ఒంటపట్టేది చాలా తక్కువ. అందుకే రోజుకు 12 నుంచి 38 కిలోల దాకా తింటుంది, పగలూ రాత్రీ అదే పని. పుట్టినప్పుడు పిల్ల బరువు దాదాపు 100 గ్రాములు, అంటే ఒక పెద్ద జామకాయంత కూడా ఉండదు. అద్దం వెనక పసికూనల్ని చూస్తూ నాన్న కదల్లేదు.

మధ్యాహ్నం వెన్‌షు ఆశ్రమానికి వెళ్లాం. వెన్‌షు అంటే మంజుశ్రీ బోధిసత్వుడు. గింకో చెట్ల కింద ముసలివాళ్లు టీ తాగుతున్నారు. నాకు ఆ ఊళ్లో మనసంతా ఇంకొకరి మీద ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న హ్యూయాన్ త్సాంగ్ యువకుడిగా చెంగ్దూలోనే చదువుకుని, 622లో ఇక్కడే పూర్తి భిక్షు దీక్ష తీసుకున్నాడు. ఆ తర్వాత పదిహేడేళ్లకు కాస్త అటూ ఇటూగా మన వేంగికీ, అమరావతి దగ్గర ధాన్యకటకానికీ వచ్చాడు, ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండి అభిధర్మం చదివాడు. ఆ వేంగే ఇప్పటి పెదవేగి, మా ఊరికి బస్సులో గంట దూరం. మేం విమానంలో పూట గడిపి వచ్చిన దూరాన్ని ఆయన ఎడారులూ మంచుకొండలూ దాటి నడిచొచ్చాడు. ఆ మాట చెప్తే నాన్న చెప్పులు విడిచి అక్కడి నేలకు దణ్ణం పెట్టారు.

మూడో రోజు: దూజియాంగ్‌యాన్

ఈ రోజు కోసమే వచ్చాం. చెంగ్దూ నుంచి రైల్లో అరగంట పైచిలుకు. మిన్ నది కొండల్లోంచి మైదానంలోకి దిగే చోటు అది. ఒకప్పుడు ఏటా వరదొచ్చి ఒకవైపు ముంచేది, ఇంకోవైపు నీళ్లందక ఎండేది. క్రీస్తుపూర్వం 256 ప్రాంతంలో చిన్ రాజ్యం తరఫున ఇక్కడ పాలకుడిగా ఉన్న లీ బింగ్ దీనికి దారి కనిపెట్టాడు.

ముందు కొండమీది గుళ్ల దగ్గర్నుంచి చూశాం. అక్కడినుంచి మొత్తం ఒకే చూపులో అర్థమవుతుంది. నది మధ్యలో చేపమూతి ఆకారంలో ఒక గట్టు ఉంది. అది నీటిని రెండు పాయలు చేస్తుంది. లోపలి పాయ ఇరుకు, లోతు. బయటి పాయ వెడల్పు, మెరక. నీళ్లు తక్కువున్న రోజుల్లో లోతైన పాయలోకి ఆరు వంతులు, బయటికి నాలుగు వంతులు పోతాయి. వరదొస్తే నీళ్లు వెడల్పైన పాయ వెతుక్కుంటాయి, లెక్క తిరగబడుతుంది. తలుపు తీసేవాడు, వేసేవాడు అక్కర్లేదు.

నాన్న రెయిలింగు పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కింద వంపు చూపించారు.

"మరి వండ్రు? లోపలి పాయలోకి వచ్చే ఇసకంతా ఏమవుద్ది?"

నేను చదివి ఉన్నాను కాబట్టి చెప్పగలిగాను. వంపు తిరిగే చోట ఒక పొట్టి గట్టు ఉంది, దాన్ని ఎగిరే ఇసక గట్టు అంటారు. నీళ్లు ఒడ్డునున్న కొండకు కొట్టుకుని సుడి తిరుగుతుంటే ఇసక, గులకరాళ్లు ఆ పొట్టి గట్టు మీంచి బయటి పాయలోకి పడిపోతాయి. ఎక్కువైన నీళ్లూ అటే పొర్లిపోతాయి. మిగిలిన నీళ్లే సీసా మూతిలాంటి ఇరుకు కోతలోంచి మైదానానికి వెళ్తాయి. ఆ కోత వెడల్పు ఇరవై మీటర్లు. మందుగుండు లేని కాలం. కొండరాయిని మంటపెట్టి కాల్చి, దాని మీద చన్నీళ్లు పోసి పగలగొట్టారు.

కిందికి దిగి చేపమూతి దగ్గర నిలబడ్డాం. పాతరోజుల్లో వెదురు బుట్టలల్లి వాటినిండా గుండ్రాళ్లు నింపి ఈ గట్టు వేసేవారు, నమూనాకు కొన్ని ఇప్పటికీ పెట్టారు. నాన్న ఒక బుట్ట అల్లిక లోపలికి వేలు పెట్టి చూశారు. గండి పడితే ఇసక బస్తాలు వేసిన చేతులవి.

నాన్న ముఖం వెలిగింది మాత్రం ఇంకోచోట. చలికాలంలో పాయను కట్టేసి ఏటా పూడిక తీస్తారు. ఎంత లోతుకు తీయాలో తెలియడానికి నది అడుగున ఇనుప దిమ్మెలు పాతిపెట్టారు. తవ్వుతూ పోయి ఆ ఇనుము తగిలితే ఆపాలి. తగలకపోతే ఇంకా తవ్వాలి. "అడుగు లోతుగా తవ్వు, గట్టు పొట్టిగా కట్టు" అన్న మాట గుడిగోడ మీద చెక్కి ఉంది.

"మనకీ వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీసేవారు కదమ్మా. ఎంత తీశారన్నది కాగితమే చెప్పేది. ఇక్కడ ఇనుము చెప్తోంది. దానికి ఎవరూ చెయ్యి తడపలేరు."

ముప్ఫై ఏళ్లు దాచుకున్న బాధ ఆ మాటలో వినపడింది.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది. మా ఇళ్లల్లో ఇప్పటికీ ఆయన పటం ఉంటుంది, గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. ఇక్కడ లీ బింగ్‌కీ, ఆయన కొడుకుగా చెప్పుకునే అతనికీ గుడే కట్టారు. 1974లో నదిలో పని చేస్తుంటే లీ బింగ్ రాతి విగ్రహం దొరికింది. క్రీస్తుశకం 168లో చెక్కింది. మనిషికన్నా ఎత్తు, చేతులు పొట్ట దగ్గర కట్టుకుని నిలబడి ఉంటుంది. పూర్వం నదిలో రాతిమనుషుల్ని నిలిపి, నీళ్లు పాదాల కిందికి పోతే కరువు, భుజాలు దాటితే వరద అని లెక్క చూసేవారట.

బయటి పాయకు ఇప్పుడు ఇనుప తలుపులున్నాయి, అవి 1970లలో పెట్టినవి. నాన్నే ముందు చూశారు వాటిని. ఈ నీటితో ఇవాళ ఆరు లక్షల హెక్టార్లకు పైగా పండుతోంది. ఆ సాయంత్రం ఊళ్లో కాలవ పక్కన బల్లమీద కూర్చుంటే, నీళ్లు హోరుమంటూ మా కాళ్లకు గజం కింద పరిగెత్తుతున్నాయి. చీకటి పడేదాకా నాన్న లేవలేదు.

నాలుగో రోజు: యింగ్‌షియు, వోలాంగ్

కారు మాట్లాడుకుని నది వెంట ఎగువకు వెళ్లాం. 2008 మే 12న మధ్యాహ్నం 2:28కి వచ్చిన భూకంపానికి కేంద్రం ఈ యింగ్‌షియు దగ్గరే. దాదాపు 69 వేలమంది చనిపోయారు, మరో 18 వేలమంది జాడ తెలియలేదు. కూలిన హైస్కూలును అలాగే ఉంచేశారు. అంతస్తులు ఒకదాని మీద ఒకటి వాలిపోయి, కిటికీ చువ్వలు మెలి తిరిగి ఉన్నాయి. ముందు రాతితో చేసిన పగిలిన గడియారం, అందులో ఆ సమయమే. జనం చామంతులు పెట్టి వెళ్తున్నారు. నాన్నకు పంతొమ్మిదేళ్లప్పుడు, 1977 నవంబరు ఉప్పెన తర్వాత, ఊరి కుర్రాళ్లతో కలిసి దివిసీమ వెళ్లారు. అక్కడ చూసింది మాకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఇక్కడా చెప్పలేదు. మేమూ పూలు కొని పెట్టాం.

వోలాంగ్ అభయారణ్యం 1963లో ఏర్పడింది. రెండు వేల చదరపు కిలోమీటర్ల కొండ అడవి. పాండాలే కాదు, బంగారు కోతులు, మంచు చిరుతలు ఉన్న చోటు. భూకంపంలో ఇక్కడి పాండా కేంద్రం దెబ్బతింది, తర్వాత షెన్‌షుపింగ్ దగ్గర కొత్తది కట్టారు. చెంగ్దూ కేంద్రం కన్నా ఇది నాకు నచ్చింది. జనం తక్కువ, చుట్టూ నిజమైన అడవి, పైన పొగమంచు. అడవిలోకి వదలబోయే పిల్లలకు మనిషి అలవాటు కాకూడదని, సిబ్బంది పాండా వేషం వేసుకుని, దాని వాసన పూసుకుని దగ్గరికెళ్తారు.

1983లో ఇక్కడి వెదురు ఒక్కసారిగా పూసి ఎండిపోయింది. వెదురు పూత కరువుకు గుర్తని మన పెద్దలంటారు, పాండాలకు అది అక్షరాలా కరువే. 2014 వరకు సాగిన లెక్కింపులో అడవుల్లో 1,864 ఉన్నాయని తేలింది. ఈ మొత్తం ఒక పెద్ద పల్లెటూరి జనాభా కూడా కాదు.

ఐదో రోజు: నది పుట్టే కనుమ

చెంగ్దూ నుంచి జియుజైగో లోయ వైపు 2024లో మొదలైన హైస్పీడ్ రైలు. అంతకుముందు రోజంతా బస్సులో వెళ్లేవారు, ఇప్పుడు రెండు గంటలు పట్టదు. దారిలో చాలాభాగం సొరంగాలే. దిగాక లోయకు ఇంకా రెండు గంటల బస్సు. ఆ దారిలో ఒక కనుమ దగ్గర డ్రైవరు ఆపాడు. గడ్డి మైదానంలో రంగు జెండాలు, పక్కన అడుగు వేసి దాటగలిగినంత పిల్లకాలవ.

అది మిన్ నది. దూజియాంగ్‌యాన్‌లో హోరుమన్న ఆ నది. చైనావాళ్లు చాలా శతాబ్దాలు యాంగ్‌ట్సీ నది ఇక్కడే పుడుతుందని నమ్మారు. నాన్న వంగి చన్నీళ్లు దోసిట్లోకి తీసుకుని నెత్తిన చల్లుకున్నారు.

ఆరో రోజు: జియుజైగో

తొమ్మిది టిబెటన్ పల్లెల లోయ అని పేరుకు అర్థం. లోపల బస్సులు తిరుగుతాయి, దిగిన చోట చెక్క బాటల మీద నడవాలి. పైనున్న పొడవాటి సరస్సు నుంచి కిందికి దిగుతూ వచ్చాం.

ఐదు పువ్వుల సరస్సు దగ్గర ఒక గంట ఉన్నాం. నీళ్లు నెమలి కంఠం రంగు. ఒకచోట పసుపు, ఒకచోట ఆకుపచ్చ, మధ్యలో నీలం. అడుగున పడిపోయిన చెట్ల మానులు ఒక్కో కొమ్మతో సహా కనిపిస్తున్నాయి. నీటిలోని సున్నం వాటికి పొరలా అంటుకుని తెల్లగా, పుచ్చిపోకుండా నిలిచిపోయాయి. నాచుకీ, సున్నానికీ, లోతుకీ తేడా ఉన్నచోటల్లా రంగు మారుతుంది. చుట్టూ కొండల మీద ఆకులు ఎరుపు, పసుపు. ఫొటో తీయడం మానేసి చూశాను.

"అందం సరే. ఇంత తేట నీళ్లలో వండ్రుండదమ్మా, చేనుకు బలం రాదు," అన్నారు నాన్న. "గోదారి ఎర్రబడి వచ్చినప్పుడు ఉన్న అందం నాకు దీన్లో కనపళ్ళేదు." నాతో ఏకీభవించకపోయినా ఆయన మాటలో నిజం ఉంది, ఆయన కళ్లు చూసిన అందం అది.

నువోరిలాంగ్ జలపాతం 2017 ఆగస్టు భూకంపంలో కొంత విరిగింది. బాగుచేశారు. ఇప్పుడు చూస్తే తెలీదు.

ఏడో రోజు: హువాంగ్‌లాంగ్

ఇక్కడ పొరపాటు జరిగింది. 500 మీటర్ల ఎత్తునున్న చెంగ్దూ నుంచి రెండు గంటల్లో 3,000 మీటర్లకు వచ్చి, మూడో రోజే 3,500 ఎక్కాం. మాకు ప్రయాణం రాసిచ్చిన ఏజెంటు మధ్యలో విశ్రాంతి రోజు పెట్టలేదు, పెద్దవాళ్లున్నారని తెలిసి కూడా ఒక్క మాట చెప్పలేదు. రోప్‌వే దిగి వంద అడుగులు నడిచామో లేదో నాన్న తలపట్టుకుని కూర్చున్నారు. పెదాలు పాలిపోయాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పక్కనున్న చైనా ఆవిడ తన ఆక్సిజన్ డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టేసింది.

"నువ్వెళ్లి చూసిరా," అని నాన్న నాలుగుసార్లు అన్నారు. వెళ్లలేదు. ఎత్తు వల్ల వచ్చే ఈ తలనొప్పికి మందు కిందికి దిగడమే. పైనున్న ఐదు రంగుల కొలను చూడకుండా మళ్లీ రోప్‌వే ఎక్కి దిగిపోయాం. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు కొండమీద ముందు రెండు రాత్రులు ఊరికే ఉండి, తర్వాతే ఇక్కడికి రండి.

కింద నాన్నకు కాస్త తేరుకున్నాక, గేటుకు దగ్గర్లో ఉన్న మెట్ల కొలనులు చూశాం. ఇలాంటివి ఈ లోయలో మూడు వేలకు పైగా ఉన్నాయట. అచ్చం గట్లు వేసిన వరి మడుల్లాగే, ఒకదాని కింద ఒకటి. రాలిన ఆకుకో పుల్లకో సున్నం పట్టి పట్టి ఆ గట్లు వాటంతటవే లేచాయి. నాన్న వంగి ఒక గట్టు మీంచి నీళ్లు సమంగా పొర్లడం చూశారు. "లెవెల్ పట్టినట్టుంది," అన్నారు నీరసంగా. ఆ గొంతు వినగానే నా టెన్షన్ దిగింది.

ఎనిమిదో రోజు చెంగ్దూ తిరిగొచ్చి పడుకున్నాం. సాయంత్రం పార్కులో మూతగిన్నెల్లో టీ తాగాం. అంతే.

తొమ్మిది, పది రోజులు: ఎమేయ్ కొండ

చైనా బౌద్ధుల నాలుగు పవిత్ర కొండల్లో ఇది ఒకటి, సమంతభద్ర బోధిసత్వుడిది. వాన్నియన్ గుడిలో ఆయన కంచు విగ్రహం 980లో పోతపోసింది, బరువు 62 టన్నులు. తెల్ల ఏనుగు మీద పద్మంలో కూర్చుని ఉంటాడు, ఆ ఏనుగుకు ఆరు దంతాలు. ఒక్క దూలం లేకుండా ఇటుకలతో కట్టి, పైన గుండ్రటి గుమ్మటం వేసిన గది అది. జనం ఏనుగు కాళ్లు తాకడానికి చెయ్యి చాపుతున్నారు. ఈ కొండల్లో అడవి ఏనుగులు లేవు. మన దేశం నుంచి కథతో పాటు వచ్చిన ఏనుగు అది. మెట్లదారిలో కోతులుంటాయి. సంచిలో తినేవి కనపడనివ్వకూడదు, మన తిరుమల కొండ మీదలాగే.

పదో రోజు తెల్లారకముందే బస్సెక్కి, తర్వాత రోప్‌వేలో 3,077 మీటర్ల బంగారు శిఖరానికి. ఈసారి నాన్నకు ముందే డాక్టరు మందు వేయించాను, పైన అరగంటే ఉన్నాం. పది ముఖాల సమంతభద్రుడు 48 మీటర్ల ఎత్తున మెరుస్తున్నాడు. అంచు దగ్గర కింద అంతా మేఘాల సముద్రం. సూర్యుడు వెనక, పొగమంచు ముందు ఉంటే మన నీడ చుట్టూ ఇంద్రధనుస్సు వలయం కనిపిస్తుందని, దాన్ని బుద్ధుడి వెలుగు అంటారని విని ఎదురుచూశాం. మాకు కనపడలేదు.

పదకొండో రోజు: లేషాన్

మూడు నదులు కలిసే చోట ఎర్ర కొండను తొలిచి చేసిన మైత్రేయ బుద్ధుడు, 71 మీటర్లు. ఈ సుడుల్లో పడవలు మునిగిపోతుంటే చూడలేక హైటాంగ్ అనే భిక్షువు 713లో మొదలుపెట్టాడు. పోగైన విరాళాల్లో వాటా అడిగిన అధికారితో, కన్ను ఇస్తాను గానీ ఈ డబ్బు ఇవ్వనని తన కన్నే పీకి ఇచ్చాడని కథ. 803లో పూర్తయ్యేసరికి ఆయన లేడు.

తల పక్కనుంచి మెట్లు దిగాలి. ముందు చెవి ఎదురైంది, ఏడు మీటర్ల చెవి. జుట్టు ముడుల మధ్య సన్నటి గాడి చూపించి నాన్న నన్ను ఆపారు. "తూము." నిజంగా తూమే. ముడుల వరసల్లోనూ, చెవుల వెనకా, ఛాతీ మీదా వాననీళ్లు పోయే దారులు దాచి చెక్కారు. పన్నెండు వందల ఏళ్లుగా మెత్తటి ఇసకరాయి కరిగిపోకుండా నిలబడిందంటే అందులో వాటి చలవ ఎంతో ఉంది.

కింద పాదాల దగ్గర, ఒక్క గోరు మీద మనిషి కూర్చోవచ్చు. 2020 ఆగస్టు వరదలో నీళ్లు ఈ వేళ్ల దాకా వచ్చాయి. ఎదురుగా నది. కొండమీద మేం అడుగువేసి దాటగలిగిన ఆ కాలవే.

నాన్న రెయిలింగు దగ్గర నిలబడి నీటి మీద కొట్టుకుపోతున్న ఒక పుల్లను చూస్తున్నారు. వాచీ చూశారు, పెదాలు కదుపుతూ అంకెలు లెక్కపెట్టారు. కాలవలో నీటి వేగం కొలవడానికి బెండు ముక్క వేసి చేసే లెక్క అది, చిన్నప్పుడు గట్టుమీద నాకూ నేర్పారు.

"సెకనుకి మీటరు. ఆ కనుమ నుంచి ఇక్కడికి ఎంతుంటది?"

"ఐదారొందల కిలోమీటర్లు ఉంటుంది నాన్నా."

వేళ్ల మీద కాసేపు లెక్కేశారు. "మధ్యలో డ్యాములు ఆపకపోతే ఆరేడు రోజులు. మనం అక్కడ ఎప్పుడున్నాం?"

"ఐదో రోజు."

"ఇవాళ పదకొండు," అని మళ్లీ నీళ్లకేసి తిరిగారు. "అయితే ఇవాళో రేపో వచ్చేస్తాయమ్మాయ్. కాసేపుందాం."

పడవవాళ్లు ఆఖరి ట్రిప్పుకు పిలిచేదాకా అక్కడే ఉన్నాం.